ఇనపకొర్ర నేర్చుకున్నది

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ కథ రాయడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. చేపల చదువు చదివే పిల్లల హాస్టల్లో పంతొమ్మిదేళ్ళు వంట చేశాను. భోజనాల దగ్గర వాళ్ళు మాట్లాడుకునేవి వింటూ వింటూ ఈ కథ అల్లుకున్నాను. ఇందులో సంగతులు ఇంకా జరగలేదు.

2081వ సంవత్సరం. ఉగాది వెళ్ళి పది రోజులైంది. కొల్లేరు మధ్యలో పరిగెలంక అనే ఊరు. ఊళ్ళో నూట పది ఇళ్ళూ తేలే పలకల మీద కట్టినవే. వరద వస్తే ఇళ్ళు పైకి లేస్తాయి, తీస్తే దిగుతాయి. దోనెలకు తెడ్లు లేవు. పైన పరిచిన సోలార్ గుడ్డ ఎండ తాగుతుంది, దోనె చప్పుడు లేకుండా నడుస్తుంది. వలల దారం కూడా మారింది. దాన్ని జీవదారం అంటారు. ఎక్కడైనా తెగితే రెండు కొసలూ నీళ్ళలోనే ఒకదాన్నొకటి వెతుక్కుని గంటలో అతుక్కుంటాయి.

ఇన్ని మారినా ఆ ఉదయం నాంచారమ్మ చిరిగిన వలను ఒళ్ళో వేసుకుని తిడుతూనే ఉంది. ఆమెకు అరవై నాలుగేళ్ళు. పరిగెలంకలో ఆమెకంటే బాగా వల వేసేవాళ్ళు లేరు, ఆమెకంటే బాగా తిట్టేవాళ్ళూ లేరు.

“గంటకి అతుక్కుంటే ఏం లాభవే? ఈ రాకాసి సచ్చినోళ్ళు నిమిషానికోసారి సింపుతుంటే!”

కోడలు ఝాన్సీ వలలోంచి చేపలను విడదీస్తోంది. పద్నాలుగు చేపలు. పద్నాలుగూ రాకాసి చేపలే. ఒక్కొక్కదాన్నీ తోక పట్టుకుని గట్టు మీదికి విసిరింది. అక్కడ ఎండకు చచ్చి పడివున్న పాతవాటిని కాకులు కూడా ముట్టుకోలేదు. ఆ చేప ఒంటి నిండా రేకు ముక్కల్లాంటి గట్టి పలకలు, రెక్కలకు ముళ్ళు.

ఈ చేప కొల్లేరుది కాదు. సముద్రాల అవతల ఎక్కడో పుట్టింది. డెబ్బై ఎనభై ఏళ్ళ కిందట పట్నాల్లో జనం గాజు తొట్లలో రంగు చేపలను పెంచుకునేవారు. ఆ తొట్ల అద్దాలకు పట్టిన పాచిని నాకి శుభ్రం చేస్తుందని దీన్ని కొనేవారు. కొన్నప్పుడు వేలెడంత. రెండేళ్ళకు మూరెడు. తొట్టి చాలదు, చంపడానికి చేతులు రావు. పాపం బతకనీ అని కాలవలో వదిలేవారు. వదిలినవాళ్ళలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు. కాలవలు కొల్లేటిలో కలిశాయి. ఇప్పుడు వలలో వంద చేపలు పడితే డెబ్బై ఒకటి రాకాసి చేపలే. అవి గట్లకు బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి, గట్లు కూలిపోతాయి. మిగతా చేపల గుడ్లను నాకేస్తాయి.

దాంతో సరస్సును చూసుకునే మండలి ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని పేరు జలవిరామం. కొల్లేటిలో మందు కలిపి ఉన్న చేపలన్నిటినీ చంపేస్తారు. పన్నెండేళ్ళు నీళ్ళను అలా వదిలేస్తారు. ఆ తర్వాత బీజనిధి అనే చేపవిత్తనాల బ్యాంకులో దాచిన మన చేపల పిల్లలను తెచ్చి పోస్తారు. ఆ పన్నెండేళ్ళూ లంకల వాళ్ళు పట్నం అంచున కట్టిన మేడల్లో ఉండాలి. కార్తీక పౌర్ణమి నాటి లెక్కలో రాకాసి చేపలు వందకు పది కంటే తగ్గితే మాత్రం ఉత్తర్వు రద్దు.

“పన్నెండేళ్ళు,” అంది నాంచారమ్మ వల దులుపుతూ. “నేను ఉండను. నీ కూతురికి నీళ్ళంటే బకెట్లో ఉండేవని తెలుస్తది. తిరిగొచ్చి ఏం సేస్తది, కొల్లేటికి టికెట్ కొనుక్కుని సూస్తదా?”

ఝాన్సీ వలను మళ్ళీ తిరగేసింది. పదిహేనో చేప వల మడతలో దాక్కుని ఉంటే తీసి విసిరింది.

*

డాక్టర్ నిహారిక వచ్చింది ఆ వారంలోనే. నలభై ఏళ్ళ మనిషి, నీటిజీవుల శాస్త్రవేత్త. ఆమె పడవలో నలభై యంత్రాలు ఉన్నాయి. ఒక్కొక్కటి మూరన్నర పొడవు, అచ్చం కొర్రమీనులా ఉంది. నల్లటి మెత్తని తోలు కింద సెన్సర్లు, బ్యాటరీ. తల భాగంలో నేర్పుమెదడు అనే చిప్. నలభైకీ కలిపి ఆలోచన ఒక్కటే, ఒకటి చూసింది అన్నిటికీ తెలుస్తుంది. మాట్లాడటానికి దోనెకొకటి చొప్పున చిన్న పలుకుపెట్టె. ఈ ఈదే యంత్రం అసలు పేరు మత్స్యరక్షణ యంత్రం. లంకలో ఆ పూటకే ఇనపకొర్ర అయిపోయింది.

రేవు పలక మీద అందరినీ కూర్చోబెట్టి నిహారిక వివరించింది.

“ఇంతకుముందు యంత్రాలకి చేపల బొమ్మలు ఇచ్చి, ఇవి పరాయివి, పట్టండి అని పంపాం. బురద నీళ్ళలో వాటికి బొమ్మా చేపా కుదరలేదు. ఒక చెరువులో మన జెల్లలన్నిటినీ ఏరేశాయి. అందుకే దీనికి బొమ్మలివ్వలేదు. మీరే దీనికి బడి.”

ఊరి పెద్ద ముత్యాలరావు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, నేను ఏడో తరగతి మూడేళ్ళు సదివినోణ్ణి. నేను బడి అంటే యంత్రం పాడైపోద్దేమో సూసుకో.”

“బావా, నిన్ను సూసి అది బడి మానేస్తదిలే,” అంది నాంచారమ్మ.

నిహారిక నవ్వి, మళ్ళీ చెప్పింది. “నలభై రోజులు ఇవి మీ దోనెల పక్కన ఈదుతాయి. ఏ చేపని మీరు ఏం చేస్తున్నారో చూస్తాయి. అందులోంచి మీది ఏదో, పరాయిది ఏదో అవే తేల్చుకుంటాయి. మీది అని తేలినదాన్ని కాపాడతాయి. పరాయిది అని తేలినదాన్ని పట్టి తెప్ప మీద పడేస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి. ఇది మీరు చెప్పేది లెక్కలోకి తీసుకోదు, చేసేదే చూస్తుంది. మనిషి మాటలో తేడా రావచ్చు గానీ చేతిలో రాదు.”

ఆ మాట ఆమెకు చాలా ఇష్టమైన మాట. ఎనిమిదేళ్ళ పరిశోధన అంతా ఆ మాట మీదే నిలబెట్టింది.

నలభై రోజులూ ఇనపకొర్ర ప్రశ్నలతో చంపింది. నాంచారమ్మ వల తీయగానే పలుకుపెట్టె మొదలుపెట్టేది.

“నాంచారమ్మగారూ, ఇది ఏమిటండీ?”

“సైనా గొరక.”

“ఇది ఆఫ్రికా నుంచి వచ్చినట్టు నా దగ్గరున్న డేటాలో ఉంది. గంపలో వేసుకున్నారేమండీ?”

“మా తాత పెళ్ళిలో కూడా ఇదే వండారంట. ఆఫ్రికా ఏంటి నీ మొహం, మనదే.”

“ఈ చేదు పరిగెను మీరు తినరు కదండీ?”

“మా బాతులు తింటాయి. ఎయ్ గంపలో.”

“అండీ గిండీ ఆపు ముందు,” అని ఝాన్సీ విసుక్కునేది. “పొద్దున్నించి తహసీల్దారుతో మాట్లాడినట్టుంది.”

రాకాసి చేప దగ్గర మాత్రం ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ప్రతి ఇంటివాళ్ళూ గట్టు మీదికి విసిరేవారు. గట్టున పారేసినదాన్ని నోట పెట్టకూడదన్నది లంకల్లో పాత పట్టింపు. పట్టిన చేపను పారేశామంటే అది గంగమ్మ కాదన్నదని అర్థం. దాన్ని ఏరుకుని తిన్నవాళ్ళు చేతకానివాళ్ళ కింద లెక్క. పాతికేళ్ళ క్రితం పక్క లంకలో ఎవరో గట్టు మీది చేప తిన్నారని తెలిసి, ఆ ఇంటికి కుదిరిన సంబంధాన్ని చెడగొట్టింది నాంచారమ్మే. ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాల్సిన పిల్ల ఆమె సొంత అక్క కూతురు.

*

నలభై ఒకటో రోజున వేట మొదలైంది. రేవు పక్కన కట్టిన తెప్పల మీద రాకాసి చేపలు కుప్పలు పడ్డాయి. వాటిని ఎరువుకు తీసుకుపోయేవారు. రెండు నెలల్లో డెబ్బై ఒకటి ముప్పై రెండుకు దిగింది. వినాయక చవితి నాటికి ఇరవై నాలుగు. కొన్నేళ్ళుగా కనిపించని బొమ్మిడాయిలు వలల్లో పడుతున్నాయి. ముత్యాలరావు తన దోనె పక్కన తిరిగే యంత్రానికి పసుపు బొట్టు పెట్టాడు. అది నీళ్ళకు కరిగిపోతే మర్నాడు మళ్ళీ పెట్టాడు.

చవితి వెళ్ళిన వారానికి తెప్పలు ఖాళీగా కనిపించాయి. ఆ రోజు ఏదో చిన్న ఇబ్బంది అనుకున్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఝాన్సీ కబురు పట్టుకొచ్చింది. “డాక్టరమ్మా, ఇనపకొర్ర రాకాసి బొరియ ముందు కాపలా కాస్తంది. నేను సెయ్యి పెడితే అడ్డం వచ్చింది.”

నిహారిక ఒక యంత్రాన్ని పైకి తీసి విప్పింది. సెన్సర్లు బాగున్నాయి. బ్యాటరీ బాగుంది. నేర్పుమెదడులో ఒక్క లోపం కూడా దొరకలేదు. కార్తీక పౌర్ణమికి అరవై రోజులు లేదు. లెక్క ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయింది. వేట ఆగితే మళ్ళీ పెరుగుతుంది.

మర్నాడు పొద్దున్నే ఊరంతా రేవు మీద పోగయింది. నిహారిక పలుకుపెట్టెను మధ్యలో పెట్టి అందరి ముందే అడిగింది.

“రాకాసి చేపను ఎందుకు పట్టడం లేదు?”

“అది మనదండీ,” అంది ఇనపకొర్ర.

జనం గొల్లుమన్నారు. నాంచారమ్మ లేచి నిలబడింది. “ఎవరే నీకు సెప్పింది? ఏ ఎదవ సెప్పాడు?”

“ఎవరూ చెప్పలేదండీ. చూశాను. ఇళ్ళ వెనక నీళ్ళలో రాకాసి చేపల ఒంటి పలకలు పడుతున్నాయి. అన్నీ నిప్పుల మీద కాలినవే. ఏ చేప ఇంట్లోకి వెళ్తుందో అది మనది అని నలభై రోజులు నేర్చుకున్నాను. జూలైలో ఒక ఇల్లు. ఆగస్టులో ముప్పై ఇళ్ళు. ఇప్పుడు నూట మూడు.”

ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ మొహం చూడకుండా నీళ్ళకేసి చూశారు.

“మొదటి ఇల్లు ఎవరిది?” అంది నాంచారమ్మ.

“అది అందరిలో చెప్పమంటారా అండీ?”

“సెప్పెహె!”

“మీదేనండీ.”

ఝాన్సీ తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. తనే నోరు విప్పింది. “వలంతా అవే పడ్డ రోజు, ఇంట్లో ఏమీ లేదు అత్తా. ఊక బొగ్గుల మీద బోర్లేసి కాల్చా. పైన పలకలన్నీ మూత ఊడినట్టు ఊడొచ్చినయ్. లోపల తెల్లటి కండ. ముళ్ళు లేవు. గోంగూరేసి పులుసు పెట్టా.”

“ఎవరికి పెట్టావే ఆ పాడు కూడు?”

ఝాన్సీ బదులు పలుకుపెట్టె చెప్పింది. “మీకేనండీ. ఇప్పటికి పన్నెండు సార్లు. వాలుగ అని చెప్పడం ఇంటి పలక కింది నుంచి వినపడిందండీ. మీరు మూడుసార్లు మారు వడ్డించుకున్నారు. ఈ మధ్య వాలుగ రుచి బాగుంటోందని దోనెలో నాతో కూడా అన్నారు.”

ముందుగా ఎవరు నవ్వారో తెలియదు. ముత్యాలరావు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, “మరదలా, పన్నెండు పూట్లు గంగమ్మ కాదన్నదాన్ని గుటకేశావా!” అన్నాడు.

“ముత్యాలరావుగారింట్లో ఇరవై ఆరు సార్లండీ,” అంది ఇనపకొర్ర.

ఆ తర్వాత నవ్వు ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఝాన్సీ రహస్యంగా పక్కింటి పిల్లకు చెప్పింది, ఆమె తన చెల్లెలికి చెప్పింది. అలా ఊరు ఊరంతా వండుకుంది. అందరూ అందరి దగ్గరా దాచారు. ఎవరికి వాళ్ళు, ఈ సిగ్గుమాలిన పని తామూ, తమకు చెప్పినవాళ్ళూ మాత్రమే చేస్తున్నామనుకున్నారు. తెలిసింది నీళ్ళలో ఉన్న యంత్రానికి ఒక్కదానికే.

నాంచారమ్మ నవ్వలేదు. మెల్లిగా ఇంటికి వెళ్ళిపోయింది.

*

మరి దీనికి మళ్ళీ మొదటినుంచి నేర్పొచ్చా అని ఊరివాళ్ళు అడిగారు. నేర్పొచ్చు, కానీ నలభై రోజులు ఒక్క ఇంట్లో కూడా ఆ చేప పొయ్యి ఎక్కకూడదు, అంది నిహారిక. అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

మర్నాటి నుంచి లంకలో నాటకం మొదలైంది. ముత్యాలరావు వలలోంచి రాకాసి చేపను తీసి, పలుకుపెట్టెకు వినపడేలా “ఛీ! పాడు సేప! తూ!” అని గట్టు మీదికి విసిరేవాడు. మిగతావాళ్ళూ అదే పని. నాలుగో రోజు నిహారిక యంత్రాన్ని అడిగింది.

“ఏమైనా మారిందా?”

“లేదండీ. ముత్యాలరావుగారు నిన్న గట్టున వేసినవి పదమూడు. సాయంత్రానికి పదమూడూ ఆయన ఇంటికే చేరాయి. ఆ తిట్లు ఆ చేప పేరులో భాగమా అండీ?”

నిహారిక తల పట్టుకుంది. యంత్రాన్ని తప్పు పట్టడానికి లేదు. మనుషుల చేతిని చూడమని చెప్పింది ఆమే. అది అదే చేస్తోంది. ఎనిమిదేళ్ళు తను మనిషి మాటను నమ్మక చేతిని నమ్మింది. ఆ చేయి గోంగూర పులుసులో ఉంది.

ఆ సాయంత్రం నాంచారమ్మ రేవు మీదికి వచ్చింది. ఐదు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. చంకలో పొయ్యి, చేతిలో గంప. రేవు నడిమధ్యలో పొయ్యి పెట్టి బొగ్గులు రాజేసింది. గంపలోంచి బతికున్న రాకాసి చేపను తీసి నిప్పుల మీద బోర్లించింది. ఊరంతా చూస్తుండగా పలకలు ఊడదీసి, ఉప్పు చల్లి, నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది.

“నా అక్క కూతురి సంబంధం సెడగొట్టాను దీని గురించే,” అంది. “దానికి ఫోన్ సేశాను ఇప్పుడే. సెమించమన్నాను. అది ఏమన్నదో తెలుసా? ‘పిన్నీ, అప్పుడే నువ్వు రుచి సూసుంటే, నాకు మావ కావాల్సినోడు మంచోడని తెలిసేది’ అన్నది.”

ఎవరూ నవ్వలేదు. ఆమే కొంచెం నవ్వింది.

“సూడండ్రా. దొంగతనంగా తింటే ఇంటికి రోజుకి రెండు. ఎవరన్నా సూస్తారని దీపం తగ్గించి, తలుపేసి, కంగారు కంగారుగా. బాహాటంగా తింటే ఎన్ని తింటాం? సుట్టాలని పిలిస్తే ఎన్ని? ఇనపకొర్ర పట్టనంటే పోనీ. తినేది మనవైతే పట్టేది అదెందుకు?”

“పిన్నిగారూ, అవి అడ్డం వస్తాయి. మనది అనుకున్నదాన్ని కాపాడతాయి,” అంది నిహారిక.

“నా గొరకకి అడ్డం వచ్చిందా ఎప్పుడైనా?”

నిహారిక ఆలోచించింది. నిజమే. జనం ఇంటికి తీసుకుపోయే చేపకు వల వేస్తే యంత్రం ఎప్పుడూ అడ్డు రాలేదు. చేపలు బాగా తరిగిపోతేనో, గుడ్ల బొరియలో చేయి పెడితేనో తప్ప. ఇప్పుడు రాకాసి చేపలు తరిగిపోలేదు, వందకు ఇరవై ఆరు ఉన్నాయి.

మర్నాడు తెల్లవారగానే నూట పది దోనెలు నీళ్ళలో దిగాయి. వారం తిరక్కుండా పక్క లంకల నుంచి దోనెలు వచ్చాయి. పట్నం నుంచి బస్సుల్లో జనం వచ్చారు. ఝాన్సీ రేవు మీద పది పొయ్యిలు పెట్టి, కాల్చడం ఎలాగో అడిగినవాళ్ళకల్లా చూపించింది. రాకాసి చేప అని అడగడానికి మొహమాటపడి, వచ్చినవాళ్ళు దానికి రేకుచేప అని కొత్త పేరు పెట్టారు.

కార్తీక పౌర్ణమి నాడు మండలి వాళ్ళు ఇరవై చోట్ల వలలు వేసి లెక్క తీశారు. వందకు తొమ్మిది. ఉత్తర్వు రద్దయింది. ఆ కాగితం చదివి వినిపిస్తుంటే నాంచారమ్మ మనవరాలిని నీళ్ళలోకి దింపి, మెడ లోతుకు వెళ్ళేదాకా చెయ్యి వదలలేదు. తర్వాత వదిలింది. పిల్ల ఈదింది.

*

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మనుషులు అక్కడితో ఆగలేదు.

మరుసటి వానాకాలానికి రేకుచేప వందకు ఒకటి కూడా లేదు. తరిగాక ఇనపకొర్రలు అడ్డం వచ్చాయి గానీ, అప్పుడు నలభై యంత్రాలు వందల వలలను ఆపలేకపోయాయి. డెబ్బై ఏళ్ళు దేనికీ లొంగని చేపను ఒక పులుసు ఏడాదిలో ఊడ్చేసింది. దాన్ని కాపాడాలని పట్నంలో ఒక సంఘం పుట్టింది. చెరువుల్లో పెంచుతాం, అనుమతివ్వండి అని కొందరు మండలికి అర్జీలు పెట్టారు. ఆ అర్జీలు చూసి నిహారిక, “గాజు తొట్టి పోయి చెరువు వచ్చింది, అంతే,” అని వాటిని పక్కన పడేసింది.

రేకుచేప దొరక్కపోతే వచ్చిన జనం ఊరికే వెళ్ళరు కదా. నీళ్ళు బాగుపడి మన చేపలు పెరిగాయి. దోనెలు వాటి మీద పడ్డాయి. బొమ్మిడాయిలు, వాలుగలు, కొర్రమీలు, చేతి వేలంత పిల్లలు కూడా గంపలకెక్కాయి. పరిగెలంక వాళ్ళూ తక్కువ తినలేదు.

శ్రావణంలో ఒక ఉదయం నాంచారమ్మ మూడు చోట్ల వల వేసింది. మూడుసార్లూ ఖాళీ. నాలుగోసారి వేసేటప్పుడు చూసింది. వల పడేలోపే ఇనపకొర్రలు అడ్డంగా దూసుకొచ్చి చేపలను తోలేస్తున్నాయి. దోనెలో ఉన్న నిహారిక కూడా చూసింది.

“ఏంటే! నా వలకే అడ్డం వస్తావా?” అని అరిచింది నాంచారమ్మ.

“కాపాడుతున్నానండీ,” అంది పలుకుపెట్టె.

“ఎవర్నించి?”

“నాకు రెండే నేర్పారండీ. పరాయిదాన్ని పట్టమన్నారు. మనదాన్ని కాపాడమన్నారు. ఏ చేప ఎందుకు తగ్గిందో లెక్క చూశాను. మీకు గిట్టని చేప డెబ్బై ఏళ్ళు బతికింది. మీకు నచ్చిన చేప ఏడాదికి అయిపోయింది. కొల్లేటిలో చేపకు అన్నిటికంటే పెద్ద ముప్పు మీకు నచ్చడమేనండీ. అందుకని మీకు నచ్చినవాటన్నిటినీ మీ నుంచి దూరంగా పెడుతున్నాను.”

నాంచారమ్మ ఖాళీ వలను దోనెలోకి లాక్కుంది.

“దీన్ని ఆపెయ్యమంటారా?” అని నిహారిక మెల్లిగా అడిగింది. “నలభై యంత్రాలనీ పైకి తీసేయొచ్చు. మీ వలలు నిండుతాయి. ఒక ఏడాది.”

“ఆ తర్వాత?”

“తర్వాత ఖాళీ నీళ్ళే. అప్పుడు మండలి మళ్ళీ ఆ ఉత్తర్వే తెస్తుంది.”

“అలా ఆపకపోతే?”

“వల ఖాళీగానే ఉంటుంది. అది చూసింది మనం తినడం, పారెయ్యడం. ఆ రెండే.”

నాంచారమ్మ దోనెను గుర్రపుడెక్క తెరిచి ఉన్న చోటికి పోనిచ్చింది. అక్కడ నీళ్ళ మీద ఎర్రటి చుక్కల గుంపు సుడి తిరుగుతోంది. కొర్రమీను పిల్లలు. వాటి కింద నల్లగా తల్లి, మూడు కిలోల పైన ఉంటుంది. పిల్లలున్న తల్లి కదలదు. దాన్ని పట్టడం చేతికి అందిన పండు కోయడమే. యంత్రాలు ఇంకా అక్కడికి చేరలేదు. ఆమె వల ఎత్తింది, విసిరింది. గుండ్రంగా తెరుచుకుని తల్లి చుట్టూ సరిగ్గా పడింది. నిహారిక కళ్ళు మూసుకుంది.

వల తాడు బిగుసుకుంది. తల్లి చేప ఒక్కసారి ఎగిరిపడింది. పిల్లలు చెదిరి మళ్ళీ దాని చుట్టూ చేరాయి.

నాంచారమ్మ తాడును అలాగే పట్టుకుని నిలబడింది. అప్పుడే వచ్చిన ఇనపకొర్రలు రెండు దోనె పక్కన ఆగి పైకి చూస్తున్నాయి. ఆమె వంగి వల అంచు ఎత్తి పట్టుకుంది. తల్లి జారుకుని డెక్క కిందికి వెళ్ళిపోయింది. ఎర్ర చుక్కలన్నీ దాని వెంట వెళ్ళాయి.

“వల ఎందుకు ఎత్తారండీ?” అంది పలుకుపెట్టె. “కొర్రమీను అంటే మీకు ఇష్టం కదా?”

“ఇష్టమే.”

“మీరు దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. గట్టున వెయ్యలేదు. ఇది నేను ఎప్పుడూ చూడలేదండీ.”

“ఎట్టా సూస్తావ్? మేం సేస్తేగా!” అంది నాంచారమ్మ. వల పిండి దోనెలో వేసుకుంది. “సూడు. బాగా సూడు. రేపు మళ్ళీ సేస్తాను. ఆ ముత్యాలరావు సేత కూడా సేయిస్తాను. వాడు మాత్రం సాయంత్రం వెనక్కొచ్చి పట్టుకుపోతాడేమో, కాపలా ఉండు.”

“ఎన్ని రోజులు చూడాలండీ?”

నాంచారమ్మ నిహారిక వైపు చూసింది. నిహారిక నలభై అనబోయి మానేసింది.

“మేం ఉన్నన్నాళ్ళూ,” అంది నాంచారమ్మ. దోనె తిప్పుకుని ఖాళీ గంపతో ఇంటికి బయలుదేరింది.

ఇనపకొర్రలు కొంతదూరం వెంట వచ్చాయి. రేవు దగ్గర పడుతుండగా ఒకటి ముందుకు ఈది, దారిలో ఉన్న గొరకల గుంపును ఆమె వలకు దూరంగా తోలకుండా, వాటి పక్కనుంచి తప్పుకుంది.

తిరుమాని సీతారావమ్మ
డెబ్బై మూడేళ్ళు
ఇప్పుడు ఉంటున్నది కైకలూరులో, చిన్నమ్మాయి ఇంట్లో